సీజనుకు ముందు మూడు నెలలు

(సంఘ వార్షికోత్సవ సభలో క్రీడా విభాగం పక్షాన చేసిన ప్రసంగ పాఠం)

 

ఈసారి మా క్రీడా విభాగానికి ఇచ్చిన అంశం కొంచెం కొత్తది. "ఆటనే బ్రతుకుతెరువుగా పెట్టుకున్న బాస్కెట్‌బాల్ జట్టు కొత్త సీజనుకు ఎట్లా తయారవుతుంది? అది మనకు చెప్పండి" అని మన పిలగాండ్లు అడిగారు. పెద్దల్లో కొందరికి సందేహం రావచ్చు. స్కాలర్‌షిప్పులు, పెళ్లిళ్లకు సాయం, వైద్య ఖర్చులు వంటి విషయాలు మాట్లాడుకోవలసిన సభలో బంతి ఆట ముచ్చట ఎందుకని. ఎందుకో చివరిదాకా వింటే తెలుస్తుంది. మేము చెప్పదలచుకున్నది ఒక్క మాటే. గెలుపు టోర్నమెంటు నాడు రాదు, అంతకు ముందు ఎవరూ చూడని మూడు నెలల్లో వస్తుంది. ఆ మూడు నెలలకు అండగా నిలవడం సంక్షేమ సంఘం పనే.

ముందుగా ఆట గురించి తెలియని పెద్దల కోసం రెండు మాటలు.

బాస్కెట్‌బాల్ 1891 డిసెంబరులో అమెరికాలోని స్ప్రింగ్‌ఫీల్డ్ పట్టణంలో పుట్టింది. జేమ్స్ నైస్మిత్ అనే వ్యాయామ ఉపాధ్యాయుడు చలికాలంలో బయట ఆడలేని విద్యార్థుల కోసం ఒక హాలులో రెండు పండ్ల బుట్టలను ఎత్తుగా కొట్టించి, 13 నియమాలు వ్రాసి, ఆట మొదలుపెట్టించాడు. ఆ బుట్టలకు అడుగు ఉండేది. బంతి పడినప్పుడల్లా పైకెక్కి తీయాల్సి వచ్చేది! ఆ బుట్టల స్థానంలోనే ఈనాడు ఇనుప రింగు వచ్చింది. దాని ఎత్తు నేల నుండి 10 అడుగులు. అంతర్జాతీయ నియమాల ప్రకారం కోర్టు పొడవు 28 మీటర్లు, వెడల్పు 15 మీటర్లు. ఒక్కో పక్కన ఐదుగురు ఆడతారు. క్రికెట్టుకు, ఫుట్‌బాలుకు కావలసిన మైదానంలో పదో వంతు కూడా దీనికి అక్కరలేదు. ఖాళీ జాగా దొరకడమే కష్టమైపోయిన మన పట్టణాలకు ఇది తగిన ఆట అని చెప్పడానికే ఈ లెక్కలు చెప్పాము.

ఇక సీజను సంగతి. అమెరికాలో ఎన్.బి.ఎ. అనే లీగు ఉంది. అందులో మామూలుగా ఒక్కొక్క జట్టు అక్టోబరు నుండి ఏప్రిల్ వరకు 82 మ్యాచ్‌లు ఆడుతుంది. ఆ తర్వాత గెలిచిన జట్లకు ఇంకా అసలు పోటీలుంటాయి. వారానికి మూడు నాలుగు మ్యాచ్‌లు, రాత్రి ఒక ఊళ్లో ఆడి పొద్దునకల్లా మరో ఊరు. సీజను మొదలయ్యాక కొత్త విద్య నేర్చుకునేందుకు తీరిక దొరకదు. నేర్చుకోవలసినదంతా ముందే నేర్చుకోవాలి. అందుకే సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట్లో శిక్షణ శిబిరం పెడతారు. ఇరవై మంది దాకా ఆటగాళ్లు వస్తారు. మొదటి పని బంతి పట్టుకోవడం కాదు, డాక్టరు పరీక్ష. గుండె, మోకాళ్లు, చీలమండలు, పాత దెబ్బలు అన్నీ చూస్తారు. తరువాత పరుగు, దమ్ము, బలం. ఆ తరువాత బంతి పని. ఆ పైన ఐదుగురు కలిసి కదలడం, ఎవరు ఎక్కడ నిలబడాలి, ఎవరు ఎవరికి అడ్డం రావాలి అన్నది. చివరకు కొన్ని సన్నాహక మ్యాచ్‌లు. వాటి గెలుపోటములు లెక్కలోకి రావు, లోపాలు బయటపడటమే వాటి లాభం. అన్నీ అయ్యాక పదిహేను మందిని ప్రధాన జాబితాలో ఉంచుకుంటారు.

చూడండి, ఇందులో గొప్ప రహస్యమేమీ లేదు. ముందు ఒళ్లు, తరువాత చేయి, తరువాత జట్టు. ఈ వరుస తప్పించి మొదటి రోజే మ్యాచ్ ఆడించేస్తే ఏమవుతుంది? కాలు బెణుకుతుంది. బాస్కెట్‌బాల్లో అన్నిటికంటే ఎక్కువ తగిలే దెబ్బ చీలమండ బెణకడమే.

ఈ తయారీ ఎంత చిన్న విషయం నుండి మొదలవుతుందో ఒక ఉదాహరణ చెప్తాము. జాన్ వుడెన్ అని లాస్ ఏంజెలెస్‌లోని విశ్వవిద్యాలయ జట్టుకు శిక్షకుడు ఉండేవాడు. 1964 నుండి 1975 వరకు పన్నెండు సంవత్సరాలలో ఆయన జట్టు పది సార్లు దేశ కాలేజీ ఛాంపియన్ అయింది. అంతటి శిక్షకుడు ప్రతి కొత్త సీజను మొదటి రోజున ఏమి నేర్పేవాడు? మేజోళ్లు తొడుక్కోవడం! నవ్వులాట కాదు. దేశంలో పేరుమోసిన ఆటగాళ్లను బెంచీ మీద కూర్చోబెట్టి, మేజోడు ఎక్కడా ముడత లేకుండా ఎట్లా లాగాలి, బూటు లేసు ఎట్లా బిగించాలి అని స్వయంగా చూపించేవాడు. ముడత పడితే కాలికి బొబ్బ వస్తుంది, బొబ్బ వస్తే సాధన ఆగిపోతుంది, సాధన ఆగితే ఆట పోతుంది అన్నది ఆయన లెక్క. ఏ రోజు ఏ నిమిషానికి ఏ పని చేయించాలో చిన్న కార్డు మీద వ్రాసుకొని వచ్చేవాడు. ఇంట్లో అమ్మ బియ్యంలో రాళ్లు ఏరినట్లన్నమాట. ఎవరూ మెచ్చుకోరు గాని, ఏరకపోతే తినేటప్పుడు తెలుస్తుంది.

ఆ వుడెన్ దగ్గర మేజోళ్ల పాఠం విన్నవారిలో ఒకరు కరీం అబ్దుల్ జబ్బార్. అప్పటికి ఆయన పేరు లూ ఆల్సిండర్. తరువాత ఇస్లాం స్వీకరించి, 1971 నుండి ఈ పేరుతోనే ఆడారు. ఏడడుగులకు పైబడ్డ మనిషి. "పొడుగు ఉన్నాడు గనుక గెలిచాడు" అనుకునేవారు ఈ మాట వినాలి. చిన్నతనం నుండే ఆయనకు ఒక అభ్యాసం ఉండేది. రింగు కింద నిలబడి ఒకసారి కుడి చేత్తో, వెంటనే ఒకసారి ఎడమ చేత్తో, మళ్లీ కుడి, మళ్లీ ఎడమ, ఆపకుండా బంతి వేయడం. వాటమున్న చేతికి, వాటం లేని చేతికి సమానంగా పని. 1967లో కాలేజీ ఆటలో బంతిని పైనుండి రింగులోకి దిగవేయడాన్ని నిషేధించారు. పొడుగువారికి అదే పెద్ద ఆయుధం. ఆయన గొడవకు పోలేదు, ఇంటికీ పోలేదు. ఒంటిచేత్తో తల పైనుండి వంపుగా వేసే 'స్కై హుక్'ను అంతకంత పదును పెట్టారు. ఆ ఒక్క విద్యతో 1989 వరకు 20 సీజన్లు ఆడి, ఆరు ఛాంపియన్‌షిప్పులు గెలిచి, 38,387 పాయింట్లు చేశారు. ఆ రికార్డు 2023 ఫిబ్రవరిలో లెబ్రాన్ జేమ్స్ దాటేదాకా నిలిచింది. నలభై దాటాక కూడా ఆడగలగడానికి తాను చేసిన యోగాభ్యాసం ఒక కారణమని ఆయన చెప్పుకునేవారు. మన దేశపు విద్యను అక్కడివారు వాడుకున్నారు. మన పిల్లలు పొద్దున లేవడానికి బద్ధకిస్తున్నారు!

రెండవ ఉదాహరణ హకీం ఒలాజువన్. ఈయనది ఆఫ్రికాలోని నైజీరియా దేశం, లేగోస్ పట్టణం. పదిహేనేళ్ల వయసు వచ్చేదాకా బాస్కెట్‌బాల్ ముట్టుకోలేదు. ఫుట్‌బాల్, హ్యాండ్‌బాల్ ఆడేవారు. ఆ ఆటల్లో అలవడిన పాదాల చురుకే తరువాత ఈ ఆటలో ఆయనకు పేరు తెచ్చింది. హ్యూస్టన్ జట్టుతో 1994లో, 1995లో వరుసగా ఛాంపియన్ అయ్యారు. 1995 ఫిబ్రవరిలో రంజాన్ నెల వచ్చింది. ఆయన ఉపవాసం విడువలేదు, ఆట విడువలేదు. పగటి మ్యాచ్ ఉంటే నీరు కూడా త్రాగకుండా ఆడారు. ఆ నెలకు లీగులో ఉత్తమ ఆటగాడి గౌరవం ఆయనకే దక్కింది. ఇది విని మన పిలగాండ్లు "మేము కూడా రోజాతో ఎండలో పరుగెత్తుతాం" అని బయలుదేరవద్దు! ఆయన తిండి, నిద్ర, విశ్రాంతి అన్నిటికీ ముందుగా లెక్క వేసుకున్న మనిషి. మనం నేర్చుకోవలసింది ఆ లెక్కను. రంజాన్ నెలలో సాధన ఇఫ్తార్ తరువాత, దీపాల కింద, తేలికగా పెట్టుకోవాలి.

అమెరికా సంగతి విన్నాము. "మనకెక్కడిది అంత తాహతు?" అంటారు. మరి మన హైదరాబాదు సంగతి వినండి. ఆట వేరు, ఫుట్‌బాల్. కాని తయారీ అంటే ఏమిటో మన గడ్డ మీద ఇంతకంటే బాగా చూపించినవారు లేరు.

సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ 1909 ఆగస్టు 17న హైదరాబాదులో పుట్టారు. వృత్తి బడి పంతులు. ఉస్మానియాలో చదివి, హైదరాబాదులోని పాఠశాలల్లో పాఠాలు చెప్పారు. హైదరాబాద్ సిటీ పోలీస్ ఫుట్‌బాల్ జట్టుకు, భారత జట్టుకు కూడా ఆయనే శిక్షకులు. ఆనాడు మన దేశంలో ఆటకే జీతం అనే పద్ధతి లేదు. ఉద్యోగం పోలీసు శాఖలో, ఆట ఆ శాఖ పక్షాన. అయినా ఆ జట్టు క్రమశిక్షణ ఏ వృత్తి జట్టుకూ తీసిపోలేదు. బొంబాయిలో జరిగిన రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదు సార్లు గెలుచుకొని వచ్చారు. కలకత్తా జట్లదే రాజ్యమనుకునే రోజుల్లో ఇది సామాన్యమైన సంగతి కాదు.

రహీం సాబ్ చేసిందేమిటి? ఆయన పెట్టించిన పోటీలు చూస్తే తెలుస్తుంది. ఒక టోర్నమెంటులో వాటం లేని కాలితోనే బంతి తన్నాలి. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే ఆడాలి. ఇంకొక టోర్నమెంటులో బంతిని కాళ్ల దగ్గర పెట్టుకొని ఒక్కడే దొర్లించుకుంటూ పోవడం నిషిద్ధం. అందగానే పక్కవాడికి ఇవ్వాలి. మొదటి పోటీతో పిల్లవాడి బలహీనత పోతుంది. రెండవ పోటీతో పిల్లవాడి గర్వం పోతుంది. ఈ రెండూ పోతే మిగిలేది జట్టు. వీటికి డబ్బు ఖర్చు ఎంత? బంతి అదే, మైదానం అదే. మారింది పంతులు ఆలోచన ఒక్కటే.

తయారీలో లోపం ఎట్లా దెబ్బ తీస్తుందో కూడా ఆయన కాలంలోనే కనబడింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో మన జట్టు 10-1 తేడాతో ఓడింది. చలి దేశం, తడిసిన నేల, మనవాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడారు. ఆ తరువాతనే మన ఫుట్‌బాల్ సమాఖ్య బూట్లు తప్పనిసరి చేసింది. నాలుగు సంవత్సరాల తరువాత 1956లో మెల్‌బోర్న్‌లో అదే రహీం సాబ్ జట్టు ఆస్ట్రేలియాను 4-2తో గెలిచి సెమీఫైనల్ చేరింది. ఆసియా ఖండం నుండి ఒలింపిక్ ఫుట్‌బాల్ సెమీఫైనల్‌కు పోయిన మొదటి దేశం మనదే. చివరకు నాలుగో స్థానం దక్కింది. పది గోళ్ల ఓటమికి, నాలుగో స్థానానికి మధ్య ఉన్నది నాలుగేళ్ల తయారీ.

ఆ మెల్‌బోర్న్ జట్టులో తులసీదాస్ బలరాం అనే కుర్రవాడు ఉన్నాడు. సికింద్రాబాద్ దగ్గర అమ్ముగూడలో బీద ఇంట పుట్టినవాడు. హైదరాబాదుకు వచ్చి పోయి సాధన చేసే తాహతు లేకపోతే, రహీం సాబ్ చొరవతో సైకిలు సమకూరిందని చెప్పుకుంటారు. ఆ బలరామే 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగేరీ మీద, పెరూ మీద గోళ్లు వేశాడు. సంక్షేమం అనే మాటకు అర్థం వెతుక్కోవలసిన పని లేదు. పిల్లవాడికి, మైదానానికి మధ్య అడ్డం ఏమున్నదో కనుక్కొని దాన్ని తీసివేయడమే. ఒకనికి సైకిలు, ఒకనికి బూట్లు, ఒకనికి వాళ్ల నాయనతో పెద్దమనిషి ఎవరైనా మాట్లాడడం.

1962 జకార్తా ఆసియా క్రీడల సంగతి చెప్పకపోతే ఈ కథ పూర్తి కాదు. మొదటి మ్యాచ్‌లోనే దక్షిణ కొరియా చేతిలో 2-0తో ఓడాము. అక్కడి రాజకీయ వివాదం వల్ల స్టేడియంలో జనం కూడా మన జట్టుకు వ్యతిరేకం. రహీం సాబ్ ఒంట్లో క్యాన్సర్ ఉంది. సెప్టెంబరు 4న ఫైనల్, ఎదురుగా మళ్లీ అదే దక్షిణ కొరియా. ఎప్పుడూ వెనుక కాపలా కాసే జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడి ఉంటే, కట్టుతోనే ఆయనను ముందు వరుసలో ఆడించారు. పి.కె. బెనర్జీ ఒక గోలు, జర్నైల్ సింగ్ ఒక గోలు. 2-1తో స్వర్ణ పతకం. వెనుక ఆడేవాడు ముందుకు వచ్చి గోలు వేయడం అదృష్టం కాదు. ఏ స్థానంలోనైనా ఆడగలిగేటట్లు ముందే తయారుచేసిన ఫలితం. ఆ తరువాత తొమ్మిది నెలలకే, 1963 జూన్ 11న, రహీం సాబ్ కన్నుమూశారు. ఆయన కథతో 'మైదాన్' అనే హిందీ సినిమా 2024లో వచ్చింది. పిల్లలకు చూపించండి. కాని సినిమా మూడు గంటల్లో అయిపోతుంది, ఆయన పని పదమూడు సంవత్సరాలు సాగిందన్నది కూడా చెప్పండి.

ఆ జకార్తా జట్టులో ఇంకొక విశేషం. చునీ గోస్వామి కెప్టెన్. గోల్‌లో పీటర్ తంగరాజ్. జర్నైల్ సింగ్, త్రిలోక్ సింగ్, రామ్ బహదూర్, అరుణ్ ఘోష్, మన హైదరాబాదు యూసుఫ్ ఖాన్. ఎవరు ఏ ఇంట పుట్టారు అని అడగవలసిన అవసరం రహీం సాబ్‌కు కలగలేదు. బంతి ఎవరికి ఇస్తే గోలు పడుతుందో అదే అడిగారు. మన జట్లలో కూడా మన వీధి పిల్లలతో పాటు పక్క వీధి పద్మశాలీల పిల్లవాడు, మాదిగ పిల్లవాడు, ఎవరు బాగా ఆడితే వారు ఉండాలని మా మనవి.

ఇప్పుడు వృత్తి ఆటల సంగతికి తిరిగి వద్దాము. మన దగ్గరా లీగులు వచ్చాయి. 2014లో ప్రో కబడ్డీ మొదలైనప్పుడు తెలుగు టైటాన్స్ వచ్చింది. 2015లో మొదలైన యు.బి.ఎ. బాస్కెట్‌బాల్ లీగులో హైదరాబాద్ స్కై అనే జట్టు ఉండేది. కబడ్డీ లీగు నిలబడింది, ఆ బాస్కెట్‌బాల్ లీగు కొన్నేళ్లకే ఆగిపోయింది. మేము దీన్ని ఒక విధంగా అర్థం చేసుకున్నాము. కబడ్డీకి ప్రతి ఊళ్లో వేళ్లున్నాయి, సంక్రాంతి వస్తే బరి గీయని ఊరు లేదు. బాస్కెట్‌బాల్‌కు మన పల్లెల్లో ఇంకా వేరు పడలేదు. పైన ఎంత పెద్ద పందిరి వేసినా కింద తీగ నాటకపోతే ఏమి పాకుతుంది? అయినా నిరాశ వద్దు. 2015లోనే పంజాబులోని బల్లో కే అనే చిన్న పల్లె పిల్లవాడు సత్నాం సింగ్ ఎన్.బి.ఎ. ఎంపికలో డల్లాస్ జట్టు తీసుకున్న ఆటగాడు అయ్యాడు. భారతదేశంలో పుట్టినవారిలో ఆ ఎంపికలో పేరు వచ్చిన మొదటివాడు అతడే. తయారైంది మొదట లూధియానా అకాడమీలో.

ఇక మన మూడు ఊళ్ల సంగతి. ఇక్కడే కొంచెం మనసు విప్పి మాట్లాడాలి.

సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి పాళీ చేసి వచ్చే పిల్లలున్నారు. జగిత్యాల, కోరుట్లల్లో బీడీలు చుట్టే తల్లుల పిల్లలున్నారు. పదవ తరగతి కాగానే "పాస్‌పోర్టు చేయిద్దాం, దుబాయి పంపుదాం" అనే ఇళ్లు ఎన్నో ఉన్నాయి. అది తప్పని మేమనడం లేదు, ఆ డబ్బుతోనే ఎన్నో ఇళ్లు నిలబడ్డాయి. కాని పదహారు, పదిహేడేళ్ల పిల్లవాడికి ఈ ఊళ్లో నిలబడడానికి ఒక్క కారణం కూడా చూపించకుండా పంపేస్తున్నామా అన్నది ఆలోచించాలి. ప్రతి రోజు పొద్దున అయిదున్నరకు తన కోసం పది మంది ఎదురుచూసే చోటు ఒకటి ఉంటే, ఆ పిల్లవాడు బడి మానడానికి రెండుసార్లు ఆలోచిస్తాడు. చెడు సావాసానికి మూడుసార్లు ఆలోచిస్తాడు.

మన ప్రాంతంలో టోర్నమెంటు అంటే ఖర్చు ఎక్కడ అవుతుందో అందరికీ తెలిసినదే. షామియానా, మైకు, ఫ్లెక్సీ, శాలువాలు, దండలు, మనిషెత్తు షీల్డు. రెండు రోజుల పండుగ. మూడవ రోజు మైదానంలో కాగితం గ్లాసులు తప్ప ఏమీ మిగలవు. అదే డబ్బులో సగం ముందటి మూడు నెలలకు మళ్లిస్తే ఏమేమి వస్తాయి? పదిహేను మందికి కొలతకు సరిపడే బూట్లు, మేజోళ్లు, నాలుగు బంతులు, దెబ్బల పెట్టె, ఓ.ఆర్.ఎస్. పొట్లాలు, సాధన తరువాత ఉడికించిన శనగలు, గుడ్లు, అరటిపళ్లు, వ్యాయామం నేర్పే పంతులు గారికి రాకపోకల ఖర్చు. షీల్డు చిన్నదైతే ఏమి? గెలిచినవాడి గుండె పెద్దదైతే చాలు.

అందుకే మా క్రీడా విభాగం పక్షాన ఈ క్రింది పద్ధతిని సభ ముందు ఉంచుతున్నాము. దసరా సెలవుల్లో పోటీలుంటాయి గనుక జూన్ చివర, జూలై మొదట్లో బడులు కుదురుకోగానే మొదలుపెట్టవచ్చు.

మొదటి నెల ఒంటికి. డాక్టరు పరీక్ష, పరుగు, వంగడం, దూకడం, దూకి సరిగ్గా నేల మీద దిగడం. బంతి రోజుకు పది నిమిషాలు మాత్రమే. ఉక్కపోతకు, వేడికి శరీరం అలవాటు పడడానికి పది పదిహేను రోజులు పడుతుంది, గనుక మొదటి రెండు వారాలు మెల్లమెల్లగా పెంచాలి. దాహం వేసేదాకా ఆగకుండా నీళ్లివ్వాలి.

రెండవ నెల చేతికి. కుడి చేత్తో ఎన్నిసార్లో ఎడమ చేత్తో అన్నిసార్లు. వారానికి ఒక రోజు రహీం సాబ్ పద్ధతి: వాటం లేని చేత్తోనే ఆట. ఇంకొక రోజు బంతి నేలకు కొట్టకుండా, చేతికి చేయి అందిస్తూనే ఆడే ఆట. ప్రతి రోజు చివర, బాగా అలసిపోయాక, ఫ్రీత్రోలు. మ్యాచ్‌లో ఆ బంతి వేయవలసి వచ్చేది అలసిపోయినప్పుడే కదా.

మూడవ నెల జట్టుకు. జగిత్యాల జట్టు కోరుట్లకు పోవడం, సిరిసిల్ల జట్టు జగిత్యాలకు రావడం, లెక్కలోకి రాని మ్యాచ్‌లు ఆడుకోవడం. ఓడినవాడు తిట్టు తినకుండా, గెలిచినవాడు గొప్పలు పోకుండా, ఏమి తప్పిందో నోటుబుక్కులో వ్రాసుకోవడం.

దీనికి ఒక షరతు. బడి హాజరు తక్కువైన పిల్లవాడు జట్టులో ఉండడు. రహీం సాబ్ బడి పంతులన్నది మరువవద్దు. ఆయన జట్టు వెనుక ఆ పంతులుతనమే ఉంది.

వాటం లేని కాలి మాట వచ్చింది గనుక ఇంకొక మాట కూడా చెప్పుకోవాలి. మన ఇళ్లలో పిల్లలకు భాషలో కూడా ఒక కాలికే వాటం ఉంటున్నది. ఉర్దూ మీడియం చదివినవాడు తెలుగులో దరఖాస్తు వ్రాయడానికి ఇంకొకరిని బతిమాలుతాడు. తెలుగు మీడియం, ఇంగ్లీషు మీడియం చదివినవాడికి దాదాజాన్ వ్రాసిన ఉర్దూ ఉత్తరం చదవరాదు. రెండు కాళ్లతో ఆడగలిగినవాడిని ఆపడం కష్టం. జట్టులో సాధన రోజువారీ లెక్క ఒక వారం తెలుగులో, ఒక వారం ఉర్దూలో పిల్లల చేతనే వ్రాయిద్దామని మా ఆలోచన. ఆటకు ఆట, చదువుకు చదువు.

ఇక మా అక్కచెల్లెళ్ల విషయం. "ఆడపిల్లలకు ఆటలెందుకు" అనేవారికి మేము జవాబు చెప్పనక్కరలేదు, మన పక్క జిల్లా నిజామాబాద్ జవాబు చెప్పింది. నిఖత్ జరీన్ అక్కడి బిడ్డ. 2017లో భుజానికి దెబ్బ తగిలి దాదాపు సంవత్సరం బరిలోకి దిగలేకపోయింది. ఆ సంవత్సరం ఆమె పేరు పేపర్లలో రాలేదు. కాని ఆమె తిరిగి తయారైంది. 2022లో ఇస్తాంబుల్‌లో ప్రపంచ ఛాంపియన్, 2023లో ఢిల్లీలో మళ్లీ ప్రపంచ ఛాంపియన్. మొదట శిక్షణ ఇచ్చింది కన్న తండ్రి. బాస్కెట్‌బాల్ కోర్టుకు నాలుగు వైపులా గోడ కట్టుకోవచ్చు. ట్రాక్ ప్యాంటు, పొడుగు చేతుల బనియను వేసుకొని, తలకు గుడ్డ కట్టుకొని కూడా ఆడవచ్చు. 2017 నుండి అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య నియమాలు కూడా తలకు కట్టుకునే గుడ్డను అనుమతిస్తున్నాయి. ఇంకా అభ్యంతరమేమైనా ఉంటే, తల్లులే వచ్చి కోర్టు పక్కన కుర్చీ వేసుకొని కూర్చోండి. అది కూడా మేము కోరుకునేదే.

ఇంత చెప్పాక, "వీళ్లలో ఎంతమంది పెద్ద ఆటగాళ్లవుతారు?" అని ఎవరైనా అడిగితే, నిజం చెప్పాలి. వృత్తి ఆటగాళ్లు అయ్యేది వేలల్లో ఒకరు. ఆశ పెట్టి మోసం చేయడం మాకు ఇష్టం లేదు. కాని పొద్దున్నే లేవడం, వాటం లేని చేతిని ఒప్పించడం, తనకంటే మంచి చోట ఉన్న పక్కవాడికి బంతి ఇవ్వడం, ఓడిన మరునాడు మళ్లీ రావడం, ఈ నాలుగూ వచ్చిన పిల్లవాడు సాంచా నడిపినా, దుకాణం పెట్టినా, దుబాయి పోయినా, కలెక్టరు ఆఫీసులో కూర్చున్నా ఎక్కడా చెయ్యి చాచడు. సంక్షేమ సంఘం పెట్టుకున్నది అందుకే కదా.

సభ్యులకు మా మనవి మూడు మాటల్లో. డబ్బు ఇవ్వగలిగినవారు ఈసారి షీల్డుకు కాకుండా బూట్లకు ఇవ్వండి. డబ్బు లేనివారు వారానికి ఒక పొద్దున ఇవ్వండి, వచ్చి నిలబడితే చాలు, పెద్దమనిషి ఉన్నచోట పిల్లలు కొట్లాడుకోరు. ఖాళీ జాగా ఉన్నవారు మూడు నెలలు వాడుకోనివ్వండి.

యువకులారా, మీతో ఒక్కటే మాట. దసరా నాడు చప్పట్లు కొట్టడానికి ఊరంతా వస్తుంది. జూలై ముసురులో, పొద్దున అయిదున్నరకు, మేజోడు ముడత సరిచేసుకుంటూ కూర్చున్నప్పుడు మిమ్మల్ని ఎవరూ చూడరు. ఆ పొద్దుటికి రండి. మేమూ వస్తాము.